అప్‌గ్రేడ్ తర్వాత నెమ్మదించే డిస్క్: కారణాలు, నిర్ధారణ పద్ధతులు

ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ అయ్యాక డిస్క్ నెమ్మదించిందన్న ఫిర్యాదులో ఒక చిక్కుంది. డిస్క్ అదే, కేబుల్ అదే, అందులోని డేటా అదే. మారినవల్లా ప్రోగ్రాముకూ డిస్కుకూ మధ్య ఉన్న సాఫ్ట్‌వేర్ పొరలు: ఫైల్ సిస్టమ్, మెమరీలోని పేజ్ క్యాష్, రిక్వెస్టులను వరుసలో పెట్టే షెడ్యూలర్, కంట్రోలర్‌ను నడిపే డ్రైవర్, విద్యుత్ పొదుపు నియమాలు. వీటిలో ఏది మారినా వాడేవారికి తెలిసేది ఒక్కటే, పని ఆలస్యమవుతోందని. లోపల మాత్రం మూడు వేర్వేరు సంగతుల్లో ఏదైనా జరిగి ఉండవచ్చు. ఒక్కో రిక్వెస్టుకు డిస్క్ మునుపటికన్నా ఎక్కువ సేపు తీసుకుంటూ ఉండవచ్చు. డిస్క్ ఎప్పటిలాగే పనిచేస్తున్నా దాని మీద పడే రిక్వెస్టులు పెరిగి ఉండవచ్చు. లేదా డేటా నిజంగా డిస్కుకు చేరకముందే రాసేశానని ప్రోగ్రాముకు చెప్పే పాత పద్ధతి పోయి, చేరేదాకా ఆగే పద్ధతి వచ్చి ఉండవచ్చు. ఈ మూడోదాన్ని కూడా చాలామంది లోపాల పద్దులోనే వేస్తారు. నిజానికి అది పాత లోపం సరికావడం. నిర్ధారణ అంటే ముందుగా ఈ మూడింటిలో ఏది జరిగిందో తేల్చుకోవడం. సెట్టింగులు మార్చడం ఆ తర్వాతి మాట.

వేగం అన్న ఒక్క మాట కింద మూడు కొలతలున్నాయి: ఒక రిక్వెస్టు పూర్తి కావడానికి పట్టే జాప్యం, సెకనుకు పూర్తయ్యే రిక్వెస్టుల సంఖ్య, సెకనుకు కదిలే డేటా పరిమాణం. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.33 మిల్లీ సెకన్లు పడుతుంది. హెడ్ ఒక ట్రాక్ నుంచి మరో ట్రాక్‌కు కదిలే సమయం దీనికి అదనం. అందుకే చెదురుమదురుగా చదివేటప్పుడు ఆ డిస్క్ సెకనుకు 75 నుంచి 100 రిక్వెస్టులకు మించి ఇవ్వలేదు. ఒక్కో రిక్వెస్టు 4 కేబీ అయితే అది సెకనుకు 400 కేబీ. అదే డిస్క్ ఒక పెద్ద ఫైలును వరుసగా చదివితే సెకనుకు 150 నుంచి 250 ఎంబీ దాకా ఇస్తుంది. రెండూ నిజమైన కొలతలే, వాటి మధ్య వందల రెట్ల తేడా ఉంది. సాటా ఎస్‌ఎస్‌డీ వరుస వేగం దాదాపు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. మూడో తరం పీసీఐఈ నాలుగు లేన్ల మీద నడిచే ఎన్‌వీఎంఈ 3,500 ఎంబీ దాకా వెళ్తుంది. ఏ తరహా పనికి ఎంత వేగమో చెప్పని ఫిర్యాదుతో నిర్ధారణ ముందుకు కదలదు.

పోల్చడానికి అప్‌గ్రేడుకు ముందటి కొలత సాధారణంగా ఎవరి దగ్గరా ఉండదు. అయినా డెబియన్, ఉబుంటు వంటి వ్యవస్థల్లో దాన్ని తిరిగి తెచ్చుకునే మార్గం ఒకటుంది. పాత కెర్నల్‌ను తీసేయకపోతే అది బూట్ మెనూలో అలాగే ఉంటుంది. దానితో ఒకసారి బూట్ చేసి అదే కొలత మళ్లీ తీస్తే డిస్క్, డేటా, ప్రోగ్రాములు అన్నీ మారకుండా కెర్నల్ ఒక్కటే మారిన పోలిక దొరుకుతుంది. ఇంత తక్కువ శ్రమతో ఇంత గట్టి ఆధారం ఇచ్చే పరీక్ష మరొకటి లేదు. పాత కెర్నల్‌లోనూ నెమ్మదిగానే ఉంటే కెర్నల్‌ను వదిలేసి ప్రోగ్రాముల కొత్త వెర్షన్లను, సెట్టింగులను, హార్డ్‌వేర్‌ను చూడాలి. విండోస్‌లో వెనక్కు వెళ్లే గడువు మామూలుగా 10 రోజులే, కాబట్టి ఈ పోలిక అవసరమైతే అది ముగిసేలోపే చేసుకోవాలి.

కొంత నెమ్మది దానంతటదే పోతుంది. రీబూట్‌తో పేజ్ క్యాష్ ఖాళీ అవుతుంది కనుక మొదటి గంటల్లో ప్రతిదీ డిస్క్ నుంచే రావాలి. మ్యాక్‌లో స్పాట్‌లైట్, విండోస్‌లో సెర్చ్ తమ సూచికలను మళ్లీ కట్టుకుంటాయి, యాంటీవైరస్ మారిన ఫైళ్లన్నిటినీ తడుముతుంది. డెబియన్‌లో సాఫ్ట్‌వేర్ రెయిడ్ ఉంటే ప్రతి నెలా మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక మొత్తం డిస్కుల తనిఖీ మొదలవుతుంది. ఆ వారాంతంలోనే అప్‌గ్రేడ్ చేసినవారు నింద కొత్త వెర్షన్ మీద వేస్తారు. క్లౌడ్‌లో ఇదే సమస్య మరో రూపంలో వస్తుంది. అమెజాన్ జీపీ2 డిస్కుకు ప్రతి జీబీకి సెకనుకు 3 రిక్వెస్టులే ప్రాథమిక హక్కు. 100 జీబీ డిస్కుకు అది 300. దాన్ని దాటి 3,000 దాకా వెళ్లడానికి 54 లక్షల క్రెడిట్ల నిల్వ ఉంటుంది. పూర్తి వేగంతో వాడితే ఆ నిల్వ అరగంటకు కొంచెం పైగా వస్తుంది. వేల ప్యాకేజీలను విప్పి రాసే అప్‌గ్రేడ్ ఆ క్రెడిట్లను తినేస్తుంది, ఆ తర్వాత డిస్క్ ఒక్కసారిగా పదో వంతుకు పడిపోతుంది. స్నాప్‌షాట్ నుంచి తయారుచేసిన డిస్కులో ప్రతి బ్లాకునూ మొదటిసారి చదివినప్పుడు జాప్యం ఎక్కువగా ఉండటం కూడా ఇలాంటిదే. ఈ రెంటికీ మందు కెర్నల్ సెట్టింగుల్లో దొరకదు.

అప్‌గ్రేడ్ అంటే నెలల తరబడి ఆగకుండా నడిచిన యంత్రాన్ని ఆపి మళ్లీ లేపడం కూడా. అప్పటిదాకా దాగిన హార్డ్‌వేర్ లోపాలు సరిగ్గా అప్పుడే బయటపడతాయి. రెయిడ్ కార్డు బ్యాటరీ బలహీనమైతే కార్డు తన రైట్ క్యాష్‌ను ఆపేసి ప్రతి రైటునూ నేరుగా డిస్కుకు పంపుతుంది, దాంతో రాసే వేగం కుప్పకూలుతుంది. సాటా లింకు 6 గిగాబిట్ల దగ్గర కుదరక 1.5కు దిగిపోతే ఆ సంగతి కెర్నల్ లాగ్‌లో ఒక్క వాక్యంగా ఉంటుంది. స్మార్ట్ వివరాల్లో 5వ సంఖ్య పక్కన పెట్టేసిన సెక్టార్లను, 197 చదవలేక పెండింగులో ఉన్నవాటిని, 199 కేబుల్ దారిలో వచ్చిన తప్పులను లెక్కిస్తాయి. 199 పెరుగుతూ ఉంటే ముందు కేబుల్ మార్చి చూడాలి. ఇవన్నీ చూడటానికి కొద్ది నిమిషాలు చాలు కాబట్టి సాఫ్ట్‌వేర్ వేటకు ముందే ముగించాలి.

లైనక్స్‌లో ఆ తర్వాతి పనిముట్టు ఐఓస్టాట్. అందులో నాలుగు అంకెలు కలిపి చూడాలి: సెకనుకు రీడ్లు, రైట్లు, ఒక్కోదానికి సగటున పట్టిన సమయం, క్యూ సగటు పొడవు. రీడ్ల సంఖ్య మునుపటిలాగే ఉండి సగటు సమయం 6 మిల్లీ సెకన్ల నుంచి 20కి పెరిగితే రిక్వెస్టే ఆలస్యమవుతోందని అర్థం. సమయం 6 దగ్గరే ఉండి రీడ్ల సంఖ్య రెట్టింపైతే డిస్క్ తప్పేమీ లేదు, పైనుంచి వచ్చే పని పెరిగింది. రిక్వెస్టు సగటు పరిమాణం 256 కేబీ నుంచి 16 కేబీకి పడిపోతే రిక్వెస్టులు ముక్కలవుతున్నాయి, ముందస్తు చదువు సెట్టింగో, విలీనం ఆగిపోవడమో కారణం కావచ్చు. అందరి కళ్లూ వెళ్లే వినియోగ శాతాన్ని మాత్రం నమ్మడానికి లేదు. ఒకేసారి డజన్ల రిక్వెస్టులను తీర్చగల ఎస్‌ఎస్‌డీ, రెయిడ్‌ల విషయంలో 100 శాతం అంటే నిండిపోయిందని కాదు, ఎప్పుడూ ఏదో ఒక రిక్వెస్టు నడుస్తోందని మాత్రమే. పైగా 5.0 కెర్నల్ ఈ శాతాన్ని లెక్కగట్టే పద్ధతినే మార్చింది. లెక్కకయ్యే ఖర్చు తగ్గింది, ఖచ్చితత్వమూ తగ్గింది. పాత కెర్నల్ నుంచి దానికి మారిన ఎన్‌వీఎంఈ యంత్రాల్లో, పనిలో తేడా లేకుండానే ఈ అంకె పెరిగి కనిపించవచ్చు. కొలత మారడాన్ని వేగం మారడంగా పొరబడితే రోజులు వృథా అవుతాయి.

ఆలస్యం ఏ పొరలో జరుగుతోందో తేల్చడానికి జెన్స్ ఆక్స్‌బో రాసిన బీఎల్‌కేట్రేస్ ఇప్పటికీ ఉత్తమ సాధనం. అది ప్రతి రిక్వెస్టు మీదా ముద్రలు వేస్తుంది: క్యూలో చేరినప్పుడు ఒకటి, డ్రైవర్‌కు అందినప్పుడు ఒకటి, పూర్తయినప్పుడు ఒకటి. మొదటి రెంటి మధ్య కాలం పెరిగితే షెడ్యూలర్ లేదా క్యూ పరిమితులు, చివరి రెంటి మధ్య పెరిగితే డ్రైవర్ లేదా డిస్క్. రెండూ మారకుండా ప్రోగ్రాము మాత్రం నెమ్మదిస్తే సమయం పైన, అంటే ఫైల్ సిస్టమ్ తాళాల్లోనో, మెమరీలోనో, ప్రాసెసర్‌లోనో పోతోంది. బయోలేటెన్సీ, బయోస్నూప్ వంటి కొత్త సాధనాలు ఇదే సమాచారాన్ని తక్కువ భారంతో ఇస్తాయి. సగటు దాచేసే దాన్ని బయోలేటెన్సీ పంపిణీ చూపిస్తుంది. ఎక్కువ రిక్వెస్టులు ఒక మిల్లీ సెకనులో ముగిసి, కొన్ని మాత్రం అర సెకను పడితే సగటులో అది తెలియదు, వాడేవారికి మాత్రం తెలుస్తుంది.

లైనక్స్ అప్‌గ్రేడుల్లో షెడ్యూలర్ మార్పు ఎక్కువమందిని తాకింది. 2006లో 2.6.18 కెర్నల్‌తో సీఎఫ్‌క్యూ డిఫాల్ట్ అయింది. ప్రోగ్రాముల మధ్య డిస్క్ సమయాన్ని న్యాయంగా పంచడం దాని లక్ష్యం. వేగమైన ఎస్‌ఎస్‌డీలకు ఒకే క్యూ అడ్డంకి కావడంతో 2014 జనవరిలో 3.13 కెర్నల్ బహుళ క్యూల వ్యవస్థను తెచ్చింది. 2017లో 4.12లో బీఎఫ్‌క్యూ, కైబర్ చేరాయి. 2019 మార్చిలో 5.0తో పాత ఒక క్యూ వ్యవస్థ, దానితోపాటు సీఎఫ్‌క్యూ పూర్తిగా పోయాయి. అంటే 3.10 కెర్నల్ ఉన్న రెడ్ హ్యాట్ 7 కుటుంబం నుంచి తర్వాతి తరానికి మారేవారికి షెడ్యూలర్ల జాబితాయే మారిపోతుంది. బూట్ లైనులో షెడ్యూలర్ పేరు రాసే పాత పద్ధతి కొత్త కెర్నళ్లలో పనిచేయదు. తప్పు సందేశంతో ఏదీ ఆగిపోదు కాబట్టి ఇది ఎవరి కంటా పడదు.

దీని వల్ల వచ్చే ఒక చిక్కును ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రాత్రిపూట బ్యాకప్‌ను అయోనైస్‌తో కట్టడి చేసి, డిస్క్ ఖాళీగా ఉన్నప్పుడే నడవమని చెప్పడం ఎన్నో సర్వర్లలో ఉన్న ఆచారం. ఆ ఆదేశాన్ని అమలు చేసేది షెడ్యూలర్. సీఎఫ్‌క్యూ దాన్ని పాటించేది, బీఎఫ్‌క్యూ పాటిస్తుంది. ఏ షెడ్యూలర్ లేకుండా వదిలేసిన డిస్కులో దానికి విలువే లేదు. ఎంక్యూ-డెడ్‌లైన్‌కు ప్రాధాన్యాలను గుర్తించే శక్తి 5.14లోనే వచ్చింది. అప్‌గ్రేడ్ తర్వాత అదే స్క్రిప్టు, అదే ఆదేశం, ఎలాంటి తప్పు సందేశమూ లేకుండా నడుస్తుంది, కానీ బ్యాకప్ డేటాబేస్‌తో సమానంగా పోటీపడుతుంది. పగలు బాగుండి రాత్రి రెండు గంటలకు మాత్రమే జాప్యం పెరిగే సర్వర్లో మొదట చూడాల్సింది ఇదే.

అన్నిటికన్నా ఎక్కువ అపార్థానికి గురయ్యేది ఫ్లష్ వ్యవహారం. డిస్క్ లోపల చిన్న రైట్ క్యాష్ ఉంటుంది. కరెంటు పోతే అందులోనిది పోతుంది. అందుకే డేటాబేస్ ఒక లావాదేవీని ఖాయం చేసేటప్పుడు ఎఫ్‌సింక్ పిలిచి, అంతా శాశ్వత నిల్వకు చేరిందన్న మాట కోసం ఆగుతుంది. ఈ మాట చాలా ఏళ్లు నిజం కాదు. ఈఎక్స్‌టీ3 ఫైల్ సిస్టమ్ మూల కెర్నల్‌లో ఎక్కువ కాలం డిస్క్ క్యాష్‌ను ఖాళీ చేయించకుండానే పని అయిపోయిందనేది. పాత కెర్నళ్లలో ఎల్‌వీఎం పొర కూడా ఆ ఆదేశాన్ని కిందికి పంపేది కాదు. 2008 డిసెంబరులో స్థిరపడిన ఈఎక్స్‌టీ4లో ఇది డిఫాల్ట్‌గా సరైన తీరున వచ్చింది. ఈఎక్స్‌టీ3 నుంచి మారినవారికి డేటాబేస్ రైట్లు ఒక్కసారిగా పడిపోయినట్లు కనిపించింది అందుకే.

ఇక్కడ నిజాన్ని తేల్చడానికి లెక్క చాలు. 7200 చుట్ల డిస్క్ సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. లాగ్ ఫైలులో ఒకే చోట వెంటవెంటనే రాస్తూ ప్రతిసారీ శాశ్వతంగా చేరేదాకా ఆగే ఒంటరి ప్రోగ్రాము సెకనుకు సుమారు 120 లావాదేవీలు దాటలేదు, ఎందుకంటే ఆ చోటు హెడ్ కిందికి మళ్లీ రావడానికి పూర్తి చుట్టు పడుతుంది. పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ ఈ సంఖ్యను నేరుగా కొలుస్తుంది. బ్యాటరీ ఉన్న క్యాష్ లేని అలాంటి డిస్క్ మీద అది రెండు మూడు వేలు చూపిస్తే డేటా నిజంగా చేరడం లేదు. అప్‌గ్రేడ్ తర్వాత 100 చుట్టుపక్కల చూపిస్తే ఇప్పుడు చేరుతోంది. పాత వేగాన్ని ఫ్లష్ ఆపేసి తెచ్చుకోవడం ప్రమాదం. కరెంటు పోయిన రోజున పోయేది చివరి లావాదేవీ ఒక్కటే కాదు, ఫైల్ సిస్టమ్ నిర్మాణమే చెడిపోవచ్చు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో ఆ అవకాశమిచ్చే నోబ్యారియర్ మౌంట్ ఐచ్ఛికాన్ని 4.19 కెర్నల్ తీసేయడం సరైన నిర్ణయం. వేగం కావాలంటే సరైన దారులున్నాయి: బ్యాటరీ ఉన్న క్యాష్, కరెంటు పోయినా క్యాష్‌ను కాపాడే కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీ, లేదా అనేక లావాదేవీలను కలిపి ఒకే ఫ్లష్‌తో ఖాయం చేయడం. పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ కమిట్‌ను ఆపితే చివరి క్షణాల లావాదేవీలు పోవచ్చు గానీ డేటాబేస్ చెడదు. ఎఫ్‌సింక్‌నే ఆపితే చెడవచ్చు. ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ల ఎగుమతి డిఫాల్ట్ అసింక్ నుంచి సింక్‌కు మారినప్పుడు వచ్చిన నెమ్మది కూడా ఈ కోవలోదే.

ఫైల్ సిస్టమే మారిపోయే అప్‌గ్రేడులు వేరే రకం. ఆపిల్ 2017లో హై సియెరాతో ఎస్‌ఎస్‌డీలను ఏపీఎఫ్‌ఎస్‌కు మార్చింది, 2018లో మొహావేతో హార్డ్ డిస్కులను కూడా మార్చింది. ఏపీఎఫ్‌ఎస్ పాత చోటు మీద రాయకుండా కొత్త చోట రాస్తుంది కనుక ఫైళ్ల వివరాలు డిస్కంతా చెదిరిపోతాయి. ఎస్‌ఎస్‌డీకి అది లెక్కలోకి రాదు, తిరిగే డిస్కులో మాత్రం ప్రతి చెదురూ హెడ్ కదలికే. అలాంటి పాత ఐమ్యాక్‌కు సెట్టింగులతో నయం కాదు, ఎస్‌ఎస్‌డీ వేయడమే దారి. 2020లో ఫెడోరా 33 డెస్క్‌టాప్‌కు డిఫాల్ట్‌గా తెచ్చిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కూడా ఇదే పద్ధతిలో రాస్తుంది. డేటాబేస్ ఫైళ్లు, వర్చువల్ యంత్రాల ఇమేజీలు ఉన్న ఫోల్డరుకు ఆ పద్ధతిని ఆపవచ్చు, అయితే దానితో చెక్‌సమ్ రక్షణ కూడా పోతుంది.

పార్టిషన్ మొదలయ్యే చోటు పాత విషయమే అయినా ఇంకా ఎదురవుతుంది. విండోస్ ఎక్స్‌పీ పార్టిషన్లను 63వ సెక్టార్ దగ్గర మొదలుపెట్టేది. 512 బైట్ల సెక్టార్లలో లెక్కేస్తే అది 4,096తో భాగించబడదు. అలాంటి పార్టిషన్‌ను ఉన్నదున్నట్లు 4 కేబీ సెక్టార్ల డిస్కుకు క్లోన్ చేస్తే ప్రతి 4 కేబీ రైటూ రెండు భౌతిక సెక్టార్ల మీద పడుతుంది. డిస్క్ రెండింటినీ చదివి, మార్చి, ఒక చుట్టు ఆగి తిరిగి రాయాలి. మొదటి సెక్టార్ సంఖ్య 8తో భాగించబడుతుందో లేదో చూస్తే చాలు. విస్టా నుంచి విండోస్ 1 ఎంబీ దగ్గర మొదలుపెడుతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే లోపం ఉన్న సందర్భాలూ ఉన్నాయి. విండోస్ 11 విషయం అందుకు స్పష్టమైన ఉదాహరణ. 2021 అక్టోబరు 5న అది విడుదలయ్యాక ఎన్‌వీఎంఈ డిస్కుల మీద చెదురు రైట్ల వేగం విండోస్ 10తో పోలిస్తే బాగా పడిపోయిందని వాడేవారు గుర్తించారు. విచిత్రమేమిటంటే అదే యంత్రంలో రెండో డిస్క్ బాగానే ఉండేది, సీ డ్రైవ్ మాత్రమే నెమ్మది. ఆ తేడాయే అసలు ఆధారం. నవంబరు 22న వచ్చిన కేబీ5007262 నవీకరణలో మైక్రోసాఫ్ట్ కారణం చెప్పింది: ఎన్‌టీఎఫ్‌ఎస్ యూఎస్‌ఎన్ జర్నల్ ఆన్‌లో ఉన్నప్పుడు ప్రతి రైటుకూ అనవసరమైన పనులు జరుగుతున్నాయి. సీ డ్రైవ్‌లో ఆ జర్నల్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. ఎన్‌వీఎంఈలో లోపం ఎక్కువగా కనిపించినా, హార్డ్ డిస్కులకూ అది వర్తించింది. ఒకే యంత్రంలో రెండు డిస్కులను, ఒకే డిస్కులో రెండు పార్టిషన్లను పోల్చడం ఎంత దూరం తీసుకెళ్తుందో ఈ ఉదంతం చెబుతుంది.

భద్రత కోసం చేసిన మార్పులకూ వేగం రూపంలో ధర ఉంటుంది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ బయటపడ్డాక ఇంటెల్ ప్రాసెసర్లున్న యంత్రాల్లో కెర్నల్ లోపలికి వెళ్లి వచ్చే ప్రతిసారీ అదనపు పని చేరింది. సెకనుకు వంద రిక్వెస్టులిచ్చే హార్డ్ డిస్కులో అది తెలియదు. లక్షల చిన్న రిక్వెస్టులిచ్చే ఎన్‌వీఎంఈలో తెలుస్తుంది. 2019 సెప్టెంబరులో బిట్‌లాకర్ కొత్తగా ఎన్‌క్రిప్ట్ చేసే డిస్కులకు డిస్క్ సొంత ఎన్‌క్రిప్షన్‌ను నమ్మడం మానేసి సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడటం మొదలుపెట్టింది. విండోస్ 11 24హెచ్2 నుంచి చాలా ఎడిషన్లలో ఇతర సర్వర్లకు వెళ్లే ఎస్‌ఎంబీ కనెక్షన్లకు సంతకం డిఫాల్ట్‌గా తప్పనిసరి అయింది. అందువల్ల బలహీనమైన ప్రాసెసర్ ఉన్న ఇంటి ఎన్‌ఏఎస్ నెమ్మదించవచ్చు. అక్కడ ఇరుకు ప్రాసెసర్‌లో ఉందా అని చూశాకే డిస్కును అనుమానించాలి.

ఇక పని పెరిగే సందర్భాలు. కొత్త వ్యవస్థ ఎక్కువ మెమరీ తింటే పేజ్ క్యాష్‌కు మిగిలేది తగ్గి, మెమరీ నుంచి వచ్చే చదువులు డిస్కు మీద పడతాయి. పోస్ట్‌గ్రెస్‌ను కూడా పీజీ అప్‌గ్రేడ్‌తో పైకి తెచ్చినట్లయితే 18వ వెర్షన్‌కు ముందు క్వెరీ ప్లానర్ గణాంకాలు వెంట రావు. అనలైజ్ నడిపేదాకా ప్లానర్ గుడ్డిగా పెద్ద టేబుళ్లను మొత్తం చదువుతుంది. ఐఓస్టాట్‌లో రీడ్లు ఎగబాకి, జాప్యం మామూలుగా ఉండటం దీని గుర్తు. ఎంత సమయం డిస్క్ కోసం ఆగడంలో పోతోందో 4.20 నుంచి కెర్నల్ ఇచ్చే ఒత్తిడి గణాంకాలు సూటిగా చెబుతాయి. అప్‌గ్రేడ్ మిగిల్చిన పాత ఫైళ్లతో ఎస్‌ఎస్‌డీ దాదాపు నిండిపోవడం, ట్రిమ్ నడవకపోవడం కూడా రైట్లను ఈడుస్తాయి.

కొలిచే పద్ధతే తప్పైతే పైవన్నీ వృథా. డీడీతో సున్నాలు రాసి చూసే అలవాటు చాలాసార్లు మెమరీ వేగాన్ని కొలుస్తుంది. ఎఫ్‌ఐఓ అనే కొలత సాధనంలో క్యాష్‌ను తప్పించే డైరెక్ట్ ఐచ్ఛికం పెట్టి, అసలు పనికి దగ్గరైన బ్లాకు సైజు, క్యూ లోతు ఎంచుకోవాలి. డేటాబేస్ ఫిర్యాదుకు 4 లేదా 8 కేబీ, క్యూ లోతు 1తో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే జాప్యం అక్కడే దాపరికం లేకుండా కనిపిస్తుంది. వినియోగదారుల ఎస్‌ఎస్‌డీల్లో మొదటి కొన్ని జీబీలు వేగమైన ఎస్‌ఎల్‌సీ క్యాష్‌లోకి వెళ్తాయి కనుక పరీక్ష అది నిండేదాకా నడవాలి. వాడుకలో ఉన్న డిస్కు మీద రైట్ పరీక్షను ముడి పరికరం మీద కాకుండా విడి ఫైలు మీదే చేయాలి, లేకపోతే డేటా తుడిచిపెట్టుకుపోతుంది. ఒక్కో మార్పు తర్వాత ఒక్కో కొలత తీసి, ఆ రెంటినీ రాసి పెట్టుకోవాలి.

పాత కెర్నల్‌లో బాగుండి, కొత్తదానిలో అదే ఎఫ్‌ఐఓ పని ప్రతిసారీ నెమ్మదిస్తూ, షెడ్యూలర్, మౌంట్ ఐచ్ఛికాలు, విద్యుత్ పొదుపు సెట్టింగులు రెండు చోట్లా ఒకటేనని తేలితే కెర్నల్‌లోనే లోపం ఉండే అవకాశం బలంగా ఉంటుంది. అప్పుడు మధ్యలో ఉన్న వెర్షన్లను సగం సగం చేస్తూ వెతకాలి. ఒక కెర్నల్ వెర్షన్‌కూ తర్వాతిదానికీ మధ్య మార్పులు పదివేలకు పైగా ఉన్నా, ప్రతిసారీ సగం కొట్టేస్తూ పోతే పద్నాలుగు బూట్లలో దోషి మార్పు దొరుకుతుంది. ఆ మార్పు గుర్తింపు సంఖ్య, ఎఫ్‌ఐఓ జాబ్ ఫైలు, రెండు కెర్నళ్లలో వచ్చిన కొలతలు కలిపి పంపితే ఆ భాగాన్ని చూసుకునే డెవలపర్లు తమ దగ్గర లోపాన్ని మళ్లీ పుట్టించి చూడగలుగుతారు.